ఆరని కుర్చీ

ఆ ఉదయం లెక్చరరమ్మ వేసుకున్న పథకం చాలా చిన్నది. టీ తాగడం, తన కుర్చీలో కూర్చుని పాఠం ఒకసారి తిరగేయడం, కాలేజీ బస్సెక్కడం. ఆమె చెప్పేది పందొమ్మిదో శతాబ్దపు ఇంగ్లీషు నవలలు. ఆ రోజు పాఠం, నవలలో కథ చెప్పేవాడి మాట ఎంతవరకు నమ్మొచ్చన్నది; వినడానికి ప్రిన్సిపాలే వస్తున్నారు. నచ్చితే ఉద్యోగం ఖాయం, లేకపోతే వచ్చే నెల నుంచి ఇంట్లోనే.

"ఆ కుర్చీలో కూర్చోకు. పొద్దున్నే రంగు వేశాను, ఆరలేదు," అన్నాడు భర్త.

ఆయన సెలవు పెట్టి వారంగా ఇంటికి రంగులు వేస్తున్నాడు. ఇల్లంతా ఒకటే వాసన. అయినా ఆమె నమ్మలేదు. నమ్మితే ఆ చదువంతా ఎందుకు చదివినట్టు? ఆ నవలల్లో కథ చెప్పేవాడు అబద్ధాలకోరు, పగబట్టినవాడు మహా మర్యాదస్తుడు. పైగా నిన్న సాయంత్రమే, చుట్టాల ముందు ఆయన దొంగను తరిమిన కథ చెబుతుంటే, "దొంగ కాదు, పాలవాడు," అని ఆమె గాలి తీసేసింది.

"నేను నిలబడి చదువుకోవాలనేగా? నిన్నటి కక్ష తీర్చుకుంటున్నారు."

"కక్షేంటి? వేలితో ముట్టి చూడు."

"అదే ఎర. విలన్లందరూ అలాగే అంటారు."

"నిజమేనమ్మా, నా కళ్లముందే వేశాడు," అంది అత్తగారు.

"మీరు కన్నతల్లి, అత్తయ్యా. మీ సాక్ష్యం చెల్లదు," అని లెక్చరరమ్మ దర్జాగా కూర్చుంది.

లేచేసరికి కుర్చీ కూడా లేచింది. భర్త కుర్చీని, అత్తగారు కోడలిని చెరోవైపు లాగితే ఎలాగో విడిపోయాయి గానీ, తెల్లచీర వెనక ఆకుపచ్చ చారలు మిగిలాయి. బయట బస్సు హారన్ మోగింది. చీర మార్చుకునే టైమ్ లేదు.

బోర్డు వైపు తిరగగానే క్లాసంతా గొల్లుమంది. వెనక బెంచీలో ప్రిన్సిపాల్ కళ్లజోడు సర్దుకున్నారు. ఆమెకు ఏడుపొక్కటే తక్కువ.

"మా ఆయన పగ తీర్చుకున్నారు," అని జరిగింది చెప్పింది.

"సార్ ముందే వద్దన్నారా, మేడమ్?" అని ముందు బెంచీ అమ్మాయి అడిగింది.

"అన్నారు."

"ముట్టి చూడమన్నారా?"

"అన్నారు."

"మరి పగ అంటున్నదెవరు మేడమ్?"

"నేనే," అంది లెక్చరరమ్మ నీరసంగా.

ప్రిన్సిపాల్ లేచి చప్పట్లు కొట్టారు. "కథ చెప్పేవాళ్లని నమ్మకూడదని చూపించడానికి చీర పాడుచేసుకున్నవాళ్లని నేనెక్కడా చూడలేదు. మీ ఉద్యోగం ఖాయం."

సాయంత్రం ఆమె బస్సు దిగి, గేటు బయటే నిలబడి, వరండాలో ఉన్న భర్తతో మనస్ఫూర్తిగా చెప్పింది. "తప్పు నాదేనండి. ఇకమీదట మీరేం చెప్పినా నమ్ముతాను."

"సంతోషం. గేటుకి ఇప్పుడే రంగు వేశాను, ముట్టుకోకు. గోడెక్కి రా."

"అలాగేనండి," అని ఆమె కొంగు దోపుకుని, బస్సులో పిల్లలంతా చూస్తుండగా గోడెక్కింది.

అప్పుడే కూరగాయల సంచితో వచ్చిన అత్తగారు, గేటు తోసుకుని లోపలికి వెళ్లింది. చేతికి చుక్క రంగైనా అంటలేదు.