గౌరి సౌండ్స్ ఏ జానర్?

జిల్లాలో డీజే బాక్సుల నుంచి వెలువడే ప్రతి చప్పుడికీ ఇకమీదట ఒక నిర్వచనం ఉంటుందనీ, నిర్వచనం లేని చప్పుడు ఎంతటివారిదైనా సీజ్ అవుతుందనీ ఎలక్ట్రానిక్ సంగీత క్రమబద్ధీకరణ కమిటీ ఛైర్మన్ రఘునాథ్ గారు హిందూపురంలో ప్రకటించారు. వినడానికి వచ్చినవాళ్లు పదహారు మంది. చప్పట్లు మాత్రం చాలాసేపు మోగాయి. వాటి జానర్ ఇంకా తేలలేదు.

రఘునాథ్ గారు పార్టీని అడిగింది మార్కెట్ యార్డు ఛైర్మన్ పదవి. పార్టీ ఆయనలోని కళాతృష్ణను గుర్తించి ఇది ఇచ్చింది. ఆయన నిరుత్సాహపడే మనిషి కాదు. వారం తిరక్కుండానే పెనుకొండలో ఆఫీసు, ఆఫీసు ముందు చెక్‌పోస్టు, దాని పక్కన సీజ్ చేసిన బండ్లకు ఒక యార్డు ఏర్పాటు చేశారు. ఆ విధంగా యార్డు కోరిక కూడా తీరింది. హౌస్, టెక్నో, ట్రాన్స్, డబ్‌స్టెప్ అని నాలుగు గళ్లున్న పట్టికను లామినేషన్ చేయించి గోడకు కొట్టించారు. నిమిషానికి ఎన్ని దెబ్బలు పడితే ఏ గడో అందులోనే రాసి ఉంది. పాట ఏ గడిలో మొదలైతే ఆ గడిలోనే ముగియాలి. అటూ ఇటూ దాటరాదు.

ఈ సంగతి ధర్మవరం గౌరికి తెలిసేసరికి ఆమె వ్యాన్ ఆ యార్డులో ఉంది.

ఇంట్లో మగ్గం మీద బతుకు గడవక గౌరి డీజే సెట్టు పెట్టింది. వ్యాను తనే నడుపుతుంది. బీటు కూడా తనే కడుతుంది. మగ్గంలో పోగు లాగుతూ నాడె అటూ ఇటూ పరిగెత్తే చప్పుడును ఫోన్లో పట్టి, కంప్యూటర్లో పెట్టి, కిందనుంచి బేసు తగిలించింది. పెళ్లిళ్లలో అది మొదలైతే వంటవాళ్లు కూడా గరిటె వదిలేసి వస్తారు. ఆ ఆదివారం సాయంత్రం తాడిమర్రిలో జ్యోతుల ఊరేగింపుకు ఆమెను పిలిచారు. ఒక ఊరు తన జాతరకు ఆడమనిషి సెట్టును పిలవడం ఆ చుట్టుపక్కల ఎవరూ ఎరగరు. పిలిచిన పెద్దమనిషి పోతులయ్య అప్పటికే రెండుసార్లు ఫోన్ చేశాడు.

"ఏమమ్మా, బండి పట్టుకున్నారంట? ఆడమనిషికి తాంబూలం ఎట్ల ఇస్తివని ఊరంతా నన్ను తింటాండారు. నేనే పూచీ పడిన. పొద్దు మునిగేలోపల నువ్వు ఈడ లేకుంటే నిన్ను ఇంగ ఏ ఊరోళ్లూ పిలవరు. నన్ను రచ్చకట్ట ఎక్కనీరు."

"వస్తా చిన్నాయనా. బండి లేకుంటే బాక్సులు నెత్తిన పెట్టుకోనైనా వస్తా."

బండి కోసం గౌరి పెట్టిన దరఖాస్తు మీద గురువారం పెనుకొండలో విచారణ జరిగింది. ఛైర్మన్ గారి కుడివైపు సభ్యుడు డేవిడ్, చర్చిలో ముప్పై ఏళ్లు కీబోర్డు వాయించినాయన. కమిటీలో సంగీతం తెలిసింది ఆయనొక్కడికే కాబట్టి మినిట్స్ రాసే పని అప్పగించారు. ఎడమవైపు ఆరోగ్య కేంద్రం నుంచి డిప్యుటేషన్ మీద వచ్చిన నర్సు శ్రీదేవి. నిమిషానికి ఎన్ని దెబ్బలో లెక్కపెట్టడం వచ్చిన ఉద్యోగి ప్రభుత్వంలో ఇంకెవరూ దొరకలేదు.

"ఏమ్మా, దరఖాస్తులో జానర్ అన్నచోట మగ్గం అని రాసినావు. పట్టికలో మగ్గం యాడుండాది?" అన్నారు ఛైర్మన్ గారు.

"పట్టిక మీరు మొన్న తెప్పిచ్చినారు సార్. మగ్గం మా ఇంట్లో తాతల కాలం నుంచి ఉండాది."

పాట వేయమన్నారు. శ్రీదేవి బాక్సు మీద మూడు వేళ్లు ఆనించి వాచీ చూసింది.

"నూట ఇరవై ఆరు సార్. మధ్యలో తొంభైకి పడిపోయి మళ్లా లేచింది. మనిషయితే అనంతపురం పెద్దాసుపత్రికి రాసిచ్చేదాన్ని."

"వినేకి బాగుండాది సార్," అన్నాడు డేవిడ్.

"బాగుండేది, బాగలేనిది మన పరిధి కాదు డేవిడ్ సార్," అని ఛైర్మన్ గారు మృదువుగా మందలించి, గౌరి వైపు తిరిగారు. "మగ్గానికి కరెంటు ఉండదు. కరెంటు లేనిది ఎలక్ట్రానిక్ ఎట్లయితాది? ఇంతకీ అది చేతి మగ్గమా, మరమగ్గమా?"

అబద్ధం చెప్పి ఉంటే గౌరి బండి ఆ పూటే చేతికొచ్చేది. కానీ ఆమె తన పని గురించి అబద్ధం చెప్పలేదు.

"ఎడమ బాక్సులో మా మామ చేతి మగ్గం సార్. కుడి బాక్సులో పక్కింటోళ్ల మరమగ్గం. రెండూ కలిపితేనే ఊపు."

 మరమగ్గం సరుకును చేనేతలో కలపడం ధర్మవరంలో ఎంత పెద్ద తప్పో జిల్లాలో పసిపిల్లలకు కూడా తెలుసు.

"ధర్మవరంలో ఉండి ఆ మాట నోటితో ఎట్ల అంటివి తల్లీ?" అని ఛైర్మన్ గారు చెవులు మూసుకున్నారు. వెంటనే నేత శబ్దాల ఉపసంఘం వేశారు. దాంట్లో అందరూ చీరలు చూసి కల్తీ పట్టే నిపుణులే.

ఉపసంఘం నిద్రాహారాలు మాని పనిచేసినట్టుంది, శనివారానికల్లా ఉత్తరం వచ్చింది. పరిశీలన నిమిత్తం సదరు పాటను ఐదున్నర మీటర్లు, జాకెట్ ముక్కతో సహా, సమర్పించవలసిందని అందులో ఉంది.

గౌరి ఉత్తరం రెండుసార్లు చదివింది. వాదించే వ్యవధి లేదు. మామ నేసిన చీర ఒకటి పేపర్లో చుట్టుకొని ఆదివారం పొద్దున్నే పెనుకొండ బస్సెక్కింది.

చెక్‌పోస్టు గుమాస్తా హనుమంతు చీరను బల్లమీద పరిచి, టేపు పెట్టి కొలిచాడు.

"మూడంగుళాలు తక్కువుండాది కదమ్మా."

"పాట చివర కొంచెం తగ్గిచ్చినాలే అన్నా. బండి యాడ?"

"బండి అఫీషియల్ డ్యూటీ మీద హిందూపురం పోయింది. ఛైర్మన్ సారు పదవికి వచ్చి వంద రోజులాయె. ఊరేగింపు."

"ఇన్ని బండ్లుండంగా నాదే ఏల?"

"తక్కిన బండ్ల పాటలు బాగలేవంట," అన్నాడు హనుమంతు చీర మడత పెడుతూ.

గౌరి హిందూపురంలో దిగేసరికి మధ్యాహ్నం దాటింది. ఆమె వ్యాన్ పైన కుర్చీ కట్టారు. కుర్చీలో దండలతో రఘునాథ్ గారు. కింద బాక్సుల్లో మామ మగ్గం, పక్కింటోళ్ల మరమగ్గం. ఛైర్మన్ గారి భుజాలు రెండూ, పదవి గౌరవానికి భంగం కలగనంత మేరకు, ఆడుతున్నాయి.

"ఎవురిదబ్బా ఈ పాట? ప్రాణం లేచొస్తాండాది!" అని పైనుంచి అరిచారు. కింద నిలబడ్డ గౌరిని ఆయన గుర్తుపట్టలేదు. "ఏమ్మా, అట్ల చూస్తా నిలబడితే ఎట్ల? బండి కదిలీమని ఎవరికైనా చెప్పు!"

డ్రైవరు టీకి పోయాడు. తాళంచెవి బండికే ఉంది. ఛైర్మన్ గారి ఆదేశం నోటిమాటే అయినా ఆదేశమే కదా. గౌరి ఎక్కి కూర్చొని బండి కదిలించింది.

కార్యకర్తలు ఊరు దాటేవరకు ఎగురుతూ వచ్చి, ఎండకు ఒక్కొక్కరే రాలిపోయారు. ఛైర్మన్ గారు చెయ్యి ఊపడం ఆపలేదు. వేరుశెనగ చేలకు ఊపారు. గొర్రెలకు ఊపారు. సోమందేపల్లి దగ్గర, తన కీర్తి ఇన్ని మండలాలకు పాకిందా అని ఆయన కళ్లు చెమర్చాయి. పెనుకొండ కనిపించాక గానీ అనుమానం రాలేదు. అక్కడ దిగిపోదామనుకున్నారు. నిచ్చెన హిందూపురంలోనే ఉండిపోయింది.

చెక్‌పోస్టులో హనుమంతు కర్ర అడ్డం వేసి, రిజిస్టరు తెరిచి, తల పైకెత్తి నమస్కారం పెట్టాడు.

"ఏ జానర్ సార్?"

ఛైర్మన్ గారు కిందికి చూశారు. గౌరి ముందుకు చూస్తూ కూర్చుంది. బాక్సుల్లో చేతి మగ్గం ఆగి మరమగ్గం అందుకుంది.

"జానర్ ఏందిరా? నేను కనపడలేదా? నా బండి!"

హనుమంతు నిబంధన తప్పేవాడు కాదు. జానర్ అన్న గడిలో, గుండ్రటి అక్షరాలతో, 'ఛైర్మన్ గారి బండి' అని రాసుకొని, ముద్ర వేసి, కర్ర ఎత్తాడు.

తాడిమర్రిలో పొద్దు ఇంకా బారెడు ఉంది. జ్యోతులు నెత్తిన పెట్టుకున్న ఆడవాళ్లు బారులు తీరి ఉన్నారు. పోతులయ్య ఎదురొచ్చి పైకి చూశాడు.

"సెట్టు తెమ్మంటే ఛైర్మన్‌ను కూడా తెస్తివేమమ్మా?"

"కుర్చీకి కట్టేసినారు చిన్నాయనా, ఊడి రాలేదు."

ఆ రోజు తాడిమర్రిలో గౌరి సెట్టు ఎట్లా మోగిందో ఆమెను వద్దన్నవాళ్లే ఇప్పుడు చెప్తున్నారు. వచ్చే ఏటికి కూడా ఆమెకే తాంబూలం ఇచ్చారు. ఛైర్మన్ గారిని ఎవరో గడ్డివాము నిచ్చెన తెచ్చి దించారు.

సోమవారం పొద్దున పెనుకొండ ఆఫీసు తెరిచేసరికి జిల్లాలోని డీజే సెట్టువాళ్లంతా, రెండు వందల పద్నాలుగు మంది, దరఖాస్తులతో వరుసలో నిలబడి ఉన్నారు. అన్నిట్లోనూ జానర్ అన్నచోట హనుమంతు రాసిన మాటే ఉంది. రిజిస్టరులో ఉన్న మాట కాబట్టి హనుమంతు అన్నిటికీ ముద్ర వేశాడు. సాయంత్రం రఘునాథ్ గారు విలేకరులను పిలిచి, నిర్వచనాలు కఠినంగా అమలుచేయడం వల్ల జిల్లా సంగీతం మొత్తం ఒకే జానర్ కిందికి వచ్చిందనీ, దేశంలో ఇది మొదటిసారనీ ప్రకటించారు.