హాల్ టీవీలో ఆడుతున్నది

ఆదివారం ఉదయం పది గంటలకు మొదటి ఆట అని నీళ్ళ ఆఫీసు గుమాస్తా వారం ముందే అందరికీ చెప్పేశాడు. తొమ్మిదికల్లా హాల్లో కుర్చీలు రెండు వరసలు వేశాడు. వెలుతురు రాకుండా కిటికీలకు దుప్పట్లు కట్టాడు. ఒక కిటికీకి దుప్పటి చాలకపోతే బీరువాలోంచి కొత్త బెడ్‌షీటు తీసి, భార్య చూసేలోపు మేకు కొట్టేశాడు.

ఈ తలనొప్పంతా మూడు నెలల కిందట తోడల్లుడి ఇంట్లో మొదలైంది. తోడల్లుడు ఒక గది మొత్తాన్ని హోమ్ థియేటర్ చేయించి, అందరినీ మెత్తటి సోఫాల్లో కూర్చోబెట్టి, రిమోటు ఊపుతూ, "ఇవన్నీ మనలాంటి వాళ్ళకి ఎక్కడ కుదురుతాయిలే తమ్ముడూ!" అన్నాడు. ఆ 'మన'లో తాను లేడని చెప్పేట్టుగా ఒక నవ్వు కూడా నవ్వాడు. గుమాస్తాకి నోరు జారింది. "దీంట్లో పదో వంతుకి నేను చేసి చూపిస్తాను అన్నయ్యగారూ" అన్నాడు. పక్కనుంచి భార్య తొడపాశం పెట్టింది కానీ ఒక్క క్షణం ఆలస్యమైంది.

అదయినా అక్కడితో పోయేదే. కానీ మూలన కూర్చున్న మామగారు ఆ మాట విన్నారు. ఆయన ఒక సినిమా హాల్లో ముప్పై ఒక్క ఏళ్ళు ప్రొజెక్టర్ ఆపరేటరు. ఆ హాలు ఇప్పుడు ఫర్నిచర్ గోడౌను. ఆయన ఇంట్లో మాత్రం పాత సినిమాల డిస్కులు రెండు ట్రంకు పెట్టెల నిండా ఉన్నాయి. అల్లుడితో ఏళ్ళ తరబడి 'బాగున్నారా' దాటి మాట్లాడని మనిషి, ఆ రోజు దగ్గరికొచ్చి, "నా డిస్కులన్నీ దాంట్లో పెట్టొచ్చా అల్లుడుగారూ?" అని అడిగారు. "పెట్టొచ్చు మామయ్యగారూ" అన్నాడు గుమాస్తా. ఆ తర్వాత ఆయనకు కంటి ఆపరేషన్ అయింది. కట్టు విప్పాక డాక్టరు రోజుకు మూడు గంటలు చూడొచ్చన్నాడు. "కొత్త కంటితో మొదటి సినిమా అల్లుడుగారింట్లోనే" అని మామగారు ప్రకటించారు. ఇక వెనక్కి తగ్గే దారి లేకపోయింది.

అలా తయారైంది ఆ కంప్యూటరు. డబ్బా ఆఫీసులో పనికిరాదని అమ్మేసిన పాత సామానులోది. లోపలి భాగాలు సెకండ్ హ్యాండ్ కంప్యూటర్ల దుకాణంలోవి. ఫ్యాను ఎక్కడిదో దుకాణం ఆయనే చెప్పలేకపోయాడు. అది తిరుగుతుంటే పిండిమర పక్కన నిలబడ్డట్టు ఉండేది. ఇంటర్నెట్టయితే అసలు అతనిది కాదు. పై అంతస్తులో ఒంటరిగా ఉండే రిటైర్డ్ హెడ్మాస్టరమ్మగారిది. ఆవిడ వైఫై పాస్‌వర్డు ఒక చీటీ మీద రాసిచ్చి, అతని చేత రెండుసార్లు పైకి చదివించుకుని, "దుర్వినియోగం చేస్తే తీసేస్తాను" అని హెచ్చరించి పంపింది. మూడు వారాల పాటు సాయంత్రాలన్నీ కూర్చుని, మామగారి డిస్కులు మూడొందల నలభై లోపలికి ఎక్కించాడు. శనివారం ఒక పాట పెట్టి చూస్తే బ్రహ్మాండంగా వచ్చింది.

అక్కడ ఆగితే ఏ గొడవా లేదు. ఆదివారం తొమ్మిదింపావుకి, ఇంకా బాగా రావాలన్న దురాశతో, సినిమాలు ఆడించే ప్రోగ్రాం కొత్తది ఎక్కించాడు. అది 'ఎక్కడ ఆడించాలి?' అని అడిగి, కింద ఒకే ఒక్క పేరు చూపించింది: హాల్ టీవీ. తన టీవీ ఉన్నది హాల్లోనే. గుమాస్తా సంతోషంగా దాని మీద నొక్కి, 'ఎప్పుడూ ఇక్కడే' అన్నచోట టిక్కు కూడా పెట్టాడు.

పదింటికి అందరూ వచ్చారు. మామగారు నల్లకళ్ళద్దాలు తీసి, తుడిచి, జేబులో పెట్టుకుని మొదటి వరసలో కూర్చున్నారు. తోడల్లుడు రెండో వరసలో కాలు మీద కాలేసుకున్నాడు. అతని పక్కనే వదిన బిస్కెట్ల పళ్ళెం ఒళ్ళో పెట్టుకుంది. భార్య లైటు ఆపింది. మామగారు తమ హాల్లో నూరు రోజులు ఆడించిన సినిమా ఏరి, గుమాస్తా మీట నొక్కాడు.

టీవీ నల్లబడింది. నలుపు మధ్యలో తెల్లటి అక్షరాలు: 'హాల్ టీవీలో ఆడుతున్నది.'

అందరూ ఎదురుచూశారు. నలుపు నలుపుగానే ఉంది.

"పేర్లు పడబోయే ముందు ఇలాగే ఉంటుంది" అన్నారు మామగారు పెద్దమనసుతో.

ఐదు నిమిషాలయ్యింది. గుమాస్తా కంప్యూటరు ఆపి మళ్ళీ పెట్టాడు. వైర్లు పీకి గుచ్చాడు. మళ్ళీ అవే అక్షరాలు. సరిగ్గా అప్పుడే పై అంతస్తులోంచి దడదడమని సంగీతం మొదలైంది.

"పైన టీవీ ఎంత బాగా వినిపిస్తోందో!" అంది వదిన. ఆవిడ మనసులో ఏ దురుద్దేశమూ లేదు. అయినా గుమాస్తా చెవులు వేడెక్కాయి.

మామగారు తల పైకెత్తి విన్నారు. "ఇది మన సినిమానే. పేర్ల దగ్గర వాయించేది ఇదే."

"ఏ చానల్లోనో వేస్తున్నట్టున్నారు" అన్నాడు గుమాస్తా.

"మంచి చానలు" అన్నాడు తోడల్లుడు.

మరో పది నిమిషాలు గడిచాయి. మామగారు కుర్చీలో ఇటు కదిలారు, అటు కదిలారు. "అల్లుడుగారూ, మీరు నిదానంగా కానివ్వండి. నేను ఒక్కసారి పైకెళ్ళి, ఆవిడేమీ అనుకోకపోతే మొదటి పాట చూసొస్తాను" అని లేచారు. తోడల్లుడు "పెద్దాయన మెట్లెక్కాలి కదా" అని ఆయన వెంట వెళ్ళాడు. వదిన తన మొగుడి వెంట వెళ్ళింది, బిస్కెట్ల పళ్ళెంతో సహా.

చివరికి భార్య మిగిలింది. ఆవిడ గుమ్మంలో నిలబడి, "నేనిక్కడుండి చేసేదేముందండీ? నాన్నకు కంట్లో మందు వేసే వేళయింది" అంది.

"వెళ్ళు" అన్నాడు గుమాస్తా. ఆ మాటలో ప్రాణం లేదు.

ఖాళీ కుర్చీల మధ్య ఒక్కడే నేలమీద కూలబడ్డాడు. మూడు వారాల కష్టం కళ్ళముందు కదిలింది. ఈ ముఖం పెట్టుకుని ఇక తోడల్లుడి ఇంటికి వెళ్ళేదెలా? మామగారు మళ్ళీ 'బాగున్నారా'లోకి వెళ్ళిపోతారు. పైనుంచి పాట గంగాళంలో పాడినట్టు నిండుగా దిగుతోంది. ఎంత ఖరీదైన టీవీయో కదా అని ఏడుపొచ్చింది. ఆలోచించి, దుకాణం ఆయనకు ఫోన్ చేశాడు.

"తెర మీద ఏమొస్తోంది?" అన్నాడు దుకాణం ఆయన.

"హాల్ టీవీలో ఆడుతున్నది అని వస్తోందండీ."

"మరింకేం? ఆడుతోంది."

"నాకు కనపడట్లేదు!"

"మెషీను ఆడుతోందంటే ఆడుతున్నట్టేనండీ. అది అబద్ధం చెప్పదు. మీ కంటికి కనపడకపోతే దానికి మెషీనేం చేస్తుంది?"

గుమాస్తా ఫోను పెట్టేశాడు. పన్నెండేళ్ళుగా ఫిర్యాదుల కౌంటర్లో కూర్చుని, కుళాయి ఎండిపోయిందని వచ్చినవాళ్ళందరికీ తాను రిజిస్టరు చూసి చెప్పే జవాబు ఇదే. "నీళ్ళు వదిలామండీ, రాసి ఉంది." అవతలివాడికి ఎలా ఉంటుందో ఇవాళే తెలిసింది.

ఈ సినిమాలోనే ఏదో లోపముందేమోనని ఇంకొకటి పెట్టాడు. అది కుస్తీల సినిమా. పైన పాట మధ్యలో తెగి, ధబీధబీమని గుద్దులు వినపడ్డాయి. వెంటనే "అయ్యో!" అని నలుగురైదుగురు అరిచారు. ఆవిడ చానళ్ళు మార్చి ఆడుకుంటోందని గుమాస్తా పళ్ళు నూరాడు. మళ్ళీ మొదటి సినిమానే పెట్టాడు. పైన చప్పట్లు కొట్టారు. ఈసారి శబ్దమైనా వస్తుందేమోనని గొంతు పెంచే మీట చివరిదాకా తోశాడు.

ఇంటి కప్పు అదిరింది. సున్నం పెచ్చు ఒకటి ఊడి అతని నెత్తిన పడింది. మెట్ల మీద అడుగుల చప్పుడు. ఇంత గోల ఏమిటని పోట్లాడటానికి కింది అంతస్తు వాళ్ళు పైకి వెళ్ళారు. నాలుగో అంతస్తు వాళ్ళు దిగారు. వాచ్‌మన్ కర్ర పట్టుకుని వెళ్ళాడు. వెళ్ళినవాళ్ళు వెళ్ళినట్టే ఉన్నారు, ఒక్కరూ తిరిగి రాలేదు.

అంతలో ఫోను మోగింది. హెడ్మాస్టరమ్మగారు. ఆ గోలలో ఆవిడ బడి మైదానంలో అరిచినట్టు అరుస్తోంది.

"ఏవయ్యా! నా టీవీకి ఏదో జబ్బు చేసింది. దానంతటదే వెలిగింది, నేను ఆపితే మళ్ళీ వెలుగుతోంది. మీ మామగారేమో కదలనివ్వడం లేదు. మీ ఇంట్లో ఏదో కంప్యూటరు తయారుచేశావటగా, వచ్చి చూడు."

"చూస్తామండీ. నమోదు చేసుకున్నాం" అన్నాడు గుమాస్తా అలవాటుగా, ఫోను పెట్టేశాడు. తన ఇల్లే కాలిపోతుంటే ఊళ్ళో వాళ్ళ టీవీల సంగతి ఎవరికి కావాలి?

మరో గంట ఆ డబ్బాతో కుస్తీ పట్టాడు. పన్నెండు దాటింది. చొక్కా తడిసి ముద్దయింది. ఇక చాలనుకున్నాడు. ఈ దరిద్రాన్ని ఎక్కడినుంచి తెచ్చాడో అక్కడికే విసిరికొట్టాలి. ప్లగ్గు పీకాడు. స్క్రూలు విప్పాడు. సినిమాలన్నీ ఎక్కించిన హార్డ్ డిస్కును బయటికి లాగి, మామగారికి ఇచ్చేద్దామని తువ్వాలులో చుట్టాడు.

పైన ఒక్కసారిగా నిశ్శబ్దం. తర్వాత ఒక హోరు. ఈలలు, బల్ల మీద చరుపులు. ఆ తర్వాత మెట్ల మీద కొండ విరిగినట్టు చప్పుడు. తలుపు తోసుకుని ముందు మామగారు వచ్చారు, ఆయన వెనక ముప్పైమంది. వాచ్‌మన్ కళ్ళు తుడుచుకుంటున్నాడు.

"ఎవరు ఆపింది?" అన్నారు మామగారు. ఆ గొంతు అల్లుడుగారితో మాట్లాడే గొంతు కాదు.

"ఏది మామయ్యగారూ?"

"సినిమా! కొడుకుని తల్లి గుర్తుపట్టే సీను! చెయ్యి ఇలా చాపింది, చీకటైపోయింది!" అని చెయ్యి చాపి చూపించారు. చూపించిన చెయ్యి తువ్వాలు మూట మీద ఆగింది. తర్వాత ఆయన కొత్త కన్ను విప్పిన డబ్బా మీదికి, పీకిన ప్లగ్గు మీదికి, అల్లుడి నెత్తిమీది సున్నం మీదికి వెళ్ళింది. "తెర మీద ఏమని వచ్చింది?"

"హాల్ టీవీలో ఆడుతున్నదని."

జనాన్ని తోసుకుని హెడ్మాస్టరమ్మగారు ముందుకొచ్చింది. "హాల్ టీవీ నాది" అంది. "నా ఇంట్లో ప్రతి వస్తువుకీ పేరు పెట్టుకుంటాను. మొన్న కుర్రాడు వచ్చి బిగించినప్పుడు దానికి ఆ పేరు నేనే ఎక్కించమన్నాను. నా వైఫైలో నీకు కనపడే టీవీ నాది కాక ఎవరిదవుతుంది?"

గుమాస్తాకి వివరంగా సిగ్గుపడటానికి కూడా తీరిక దొరకలేదు. ముప్పైమంది గుమ్మంలో నిలబడి "త్వరగా, త్వరగా" అంటుంటే, తువ్వాలు విప్పి డిస్కు తిరిగి బిగించాడు. ఆ కంగారులో ఒక స్క్రూ ఫ్యానులో పడి ఫ్యాను ఆగిపోయింది. పెట్టె వేడెక్కితే సినిమా ఆగిపోతుంది.

"విసరండి" అన్నారు మామగారు, అట్టముక్క చేతికిచ్చి. తల్లి చెయ్యి చాపిన చోటికే సినిమా జరిపించి, అందరినీ తోలుకుని పైకి వెళ్ళిపోయారు.

గుమాస్తా నల్లటి టీవీ ముందు కూర్చుని ముప్పావుగంట విసిరాడు. తల్లి కొడుకుని గుర్తుపట్టడం, ముప్పైమంది ముక్కులు చీదడం, చివరి పోరాటం, చప్పట్లు అన్నీ కప్పులోంచే విన్నాడు.

ఆట అయ్యాక తోడల్లుడు దిగి వచ్చాడు. ఏదో చెప్పబోయి ఆగి, "మా ఇంట్లో ఇంత బాగా రాదు తమ్ముడూ" అని గొణిగి చెప్పులేసుకున్నాడు. మామగారు అందరూ వెళ్ళేదాకా ఆగి, వచ్చి అతని పక్కన నేలమీద కూర్చున్నారు.

"బాగా ఆడించారు" అన్నారు.

"నేను చూడనేలేదు మామయ్యగారూ."

"ఆపరేటరు చూడడయ్యా. రీలు అందుకోవాలి, దీపం చూసుకోవాలి. ముప్పై ఒక్క ఏళ్ళలో నేనూ ఒక్కటి పూర్తిగా చూడలేదు. ఇవాళ చూశాను." అల్లుడి చేతిలోంచి అట్ట తీసుకుని, చల్లారిపోయిన పెట్టెకు కాసేపు ఊరికే విసిరారు.

సాయంత్రానికి హెడ్మాస్టరమ్మగారు తీర్పు చెప్పింది. ఇకమీదట ప్రతి ఆదివారం పదింటికి ఆట తన హాల్లోనే. అలాగైతే పెట్టెను కూడా పైకే తెచ్చేస్తానని గుమాస్తా ఆశగా అడిగాడు. ఆ పిండిమర చప్పుడు తన ఇంట్లో వద్దే వద్దని, దాని పక్కన ఆపరేటరు కిందే ఉండాలని ఆవిడ కొట్టిపారేసింది.

ఇప్పుడు ఆ భవనంలో ప్రతి ఇంటికీ ఒక హోమ్ థియేటర్ ఉంది, దాన్ని తయారుచేసిన ఇంటికి తప్ప.