ఓవెన్‌కి మొహం కొన్నారు!

యంత్రానికి మెదడెందుకండీ? సూటిగా అడుగుతున్నాను. మొహం ఉంటే చాలదూ!

మిగతా విషయాల్లో ఈ సంగతి ఎప్పుడో తేల్చేసుకున్నాం. అట్ట మెరిసే సబ్బే కొంటాం. సోఫాలు మెత్తగా ఉన్న ఆస్పత్రిలోనే ధైర్యంగా జబ్బు పడతాం. పాపం, యంత్రాలకే ఇన్నాళ్ళూ ఆ భాగ్యం లేదు. ఆ లోటు తీర్చడానికి పుట్టిందే టచ్ స్క్రీన్!

తెలియనివారి కోసం రెండు ముక్కలు. ఫ్యాక్టరీ యంత్రాలకి లాజిక్ కంట్రోలర్ అని ఒకటి అమ్ముతారు. ఇనప బీరువాలో, వైర్ల చిక్కు మధ్య, బూడిదరంగు డబ్బాలా పడుంటుంది. వేడి పెరిగితే గ్యాస్ తగ్గించడం, బెల్టు ఆగితే మంట ఆర్పడం లాంటి చాకిరీ దానిది. టచ్ స్క్రీన్ అలాంటి పనులు పెట్టుకోదు. లోపల జరిగేది రంగుల్లో చూపిస్తుంది, మన వేలి మాట లోపలికి చేరవేస్తుంది. చేసేది అది, చూపించేది ఇది. రెండూ కొనే స్తోమత లేనప్పుడు ఏది కొనాలి?

ఇదీ ఒక ప్రశ్నేనా! మా బిస్కెట్ ఫ్యాక్టరీ ఓనరుని అడగండి. పనివాళ్ళు చాటుగా పాలిష్‌గారంటారు. మోటారు పాడైతే ముందు దానికి రంగు వేయించే మనిషి.

ఆయన ఓవెన్‌కి ముదిరిన జబ్బు. ఒక పూట బిస్కెట్లు పచ్చి, ఇంకో పూట బొగ్గు. ఈ లోపల పెద్ద దుకాణాల కంపెనీ నుంచి క్వాలిటీ ఆఫీసరమ్మ వస్తోందని కబురు. ఆవిడ సరేనంటే ఏడాది పొడుగునా ఆర్డరు. కాదంటే సగం మంది పనివాళ్ళు ఇంటికే.

"కంట్రోలర్ కొందాం బావా," అన్నాడు బావమరిది. కరెంటు పనులన్నీ అతనివే. "ఓవెన్ దారికొస్తుంది. స్క్రీన్ తరవాతైనా తగిలించుకోవచ్చు."

"ఆ బూడిద డబ్బానా? వచ్చినావిడకి బీరువా తెరిచి, ఇదిగోనమ్మా మా డబ్బా అని చూపించనా?"

"అది చూపించడానికి కాదు బావా, బిస్కెట్లు కాల్చడానికి."

"ఒరేయ్, మీ అక్కని నాకిచ్చేటప్పుడు మీవాళ్ళు నా మెదడు చూశారా, మొహం చూశారా?"

"మొహమే చూశారు. అందుకే కదా అక్క ఇవాళ్టికీ తల బాదుకుంటోంది!"

ఓనరుగారు అప్పటికే స్క్రీన్లు అమ్మేవాడికి ఫోను చేస్తున్నారు. స్క్రీన్ వచ్చేసింది!

ఎంత ముచ్చటైన వస్తువండీ! నీలిమంటల ఓవెన్ బొమ్మ, పాకుతూ పోయే బెల్టు, దాని మీద బంగారు రంగు బిస్కెట్లు. పైన మూలగా నూట ఎనభై డిగ్రీలు. ఎప్పుడు చూసినా నూట ఎనభయ్యే. ఓవెన్ ఆర్పేసినా నూట ఎనభయ్యే! ఎందుకంటే దాన్ని దేనికీ కలపలేదు. కలపడానికి లోపల కంట్రోలర్ ఏది? అమ్మినవాడు షోకేసులో ఆడించే బొమ్మే ఇక్కడా ఆడుతోంది. పాత స్విచ్చుల బోర్డు అందవికారంగా ఉందని, సరిగ్గా దాని మీదే స్క్రీన్ బిగించారు.

ఓవెన్ దగ్గర పనిచేసే పెద్దావిడని అందరూ పిన్ని అంటారు. ఓవెన్ ఆపుదామని మందపాటి గ్లవ్స్‌తో నొక్కితే స్క్రీన్ పలకలేదు. గ్లవ్స్ విప్పితే చేతికి పిండి. చేసేది లేక వంగి ముక్కుతో నొక్కింది.

"ఏమంది పిన్నీ?" అన్నారు ఓనరుగారు ఆత్రంగా.

"థాంక్యూ అని రాసింది బాబూ."

"చూశావా మర్యాద! పాత స్విచ్ ఏనాడైనా నీకు థాంక్స్ చెప్పిందా?"

"లేదు బాబూ. నొక్కితే ఓవెన్ ఆగేది, అంతే."

కృతజ్ఞత లేని లోకం! ఆ స్క్రీన్ ఓనరుగారికి ఎంత మనశ్శాంతి ఇచ్చిందో ఎవరికి తెలుసు? మొదట్లో అది బొమ్మని ఆయనకీ తెలుసు. రోజూ మెత్తటి గుడ్డతో తుడుస్తూ తుడుస్తూ, తెలుసన్న సంగతే మరిచిపోయారు.

ఆఫీసరమ్మ వచ్చే పొద్దున ఫ్యాక్టరీ నిండా పొగ. ప్యాకింగ్‌వాళ్ళు దగ్గుతూ బయటికి పరిగెత్తారు.

"బావా, మాడుతున్నాయి!" బావమరిది అరిచాడు.

"ఎవరన్నారు?" ఓనరుగారు కళ్ళు తుడుచుకుని స్క్రీన్ చూశారు. "నూట ఎనభై. నిక్షేపంలా ఉంది."

"మరి ఈ పొగ?"

"పొగ ఇందులో కనపడటం లేదే!"

చెప్పండి, ఇంత నిబ్బరం ఏ కంట్రోలర్ ఇవ్వగలదు? బావమరిది మాత్రం ఆ నిబ్బరానికి నోచుకోలేదు. గ్యాస్ కట్టెయ్యడానికి పరిగెత్తాడు. అంతలోనే కారు ఆగింది.

ఆఫీసరమ్మ స్క్రీన్ వైపు ఒక్క చూపు విసిరి, తిన్నగా ట్రే దగ్గరికి నడిచింది. ముదురు గోధుమరంగు దాటి నలుపులోకి దిగబోతున్న బిస్కెట్ తీసి కొరికింది. పిన్ని ఆ కొరికిన ముక్క వైపే చూస్తోంది. పోతే ముందు పోయేది తన పనేనని ఆవిడకి తెలుసు.

"కాస్త చేదు," అంది ఆఫీసరమ్మ నములుతూ. ఇంకోటి తీసుకుంది. "టీలో ముంచినా విరగదనుకుంటా. బాగుందండీ! మాకు ఇదే కావాలి. ప్రతి డబ్బాలోనూ సరిగ్గా ఇదే రంగు, ఇదే చేదు. నెల తిరిగాక మళ్ళీ వస్తాను. తేడా కనిపిస్తే మాత్రం ఆర్డరు లేదు."

కారు గేటు దాటగానే ఓనరుగారు గంతేసినంత పని చేశారు. "చూశావురా స్క్రీన్ మహిమ!"

"చూశాను. ఏదీ, మళ్ళీ అలాగే మాడ్చమను బావా."

మాడ్చబోయారు. మొదటి ట్రే పచ్చి. రెండోది బొగ్గు. మూడోది ఒక పక్క పచ్చి, ఒక పక్క బొగ్గు. ఓనరుగారు నూట ఎనభై మీద వేలు పెట్టి నొక్కుతూనే ఉన్నారు. స్క్రీన్ థాంక్యూ చెబుతూనే ఉంది.

"ఒకసారి మాడ్చడానికి ఎవరైనా చాలు బావా," అన్నాడు బావమరిది మెల్లగా. "రోజూ సరిగ్గా అంతే మాడ్చాలంటే మెదడుండాలి. ఈ స్క్రీన్ తిరిగిచ్చేసి కంట్రోలర్ తెస్తాను. అమ్మినవాణ్ణి ఒప్పించే పూచీ నాది."

ఓనరుగారు మెత్తటి గుడ్డ తీసి స్క్రీన్‌ని ఆఖరిసారి తుడిచారు. ట్రేల పక్కన నిలబడ్డ మొహాలన్నీ ఆయన వైపే చూస్తున్నాయి.

"సరే, తీసుకురా," అన్నారు చివరికి. "కానీ ఆ బీరువా తలుపు పీకించి అద్దం పెట్టించు. లోపల లైటు వేయించు. కనపడకుండా పనిచేసేదాన్ని మనిషన్నవాడు ఎలా నమ్ముతాడురా?"

అద్దం పెట్టారు, లైటు వేశారు. ఆఫీసరమ్మ మళ్ళీ వచ్చి, డబ్బాలు పక్కపక్కన పెట్టి చూసి, ఆర్డరు ఇచ్చి వెళ్ళింది. ఎవరి పనీ పోలేదు. ఇప్పుడు ఫ్యాక్టరీకి వచ్చిన ప్రతివాళ్ళూ ఆ బూడిద డబ్బా పక్కన నిలబడి ఫొటో దిగుతున్నారు. ఫొటోకి అడ్డొస్తోందని పిన్నిని కాస్త పక్కకి జరగమంటున్నారు.