ఫొటోల గోడౌను సర్దిన ఉదయం

కుర్చీల షావుకారు ఆ ఉదయం పెట్టుకున్న పని ఒక్కటే. పదకొండు గంటలకు లైబ్రేరియన్ గారు దుకాణం వెబ్‌సైట్ చూసి, నలభై కుర్చీలు ఎంచుకుంటానన్నారు. ఈలోగా మెత్తటి కుర్చీ ఫొటోను మొదటి పేజీలో పైకి జరపాలి. ఆ ఆర్డరు వస్తే పక్క గది నిలుస్తుంది. రాకపోతే నెలాఖరుకు దాని తాళంచెవి యజమానికి ఇచ్చేయాలి. దుకాణం మొదలైంది ఆ గదిలోనే. ఇప్పుడు అందులో మూడేళ్లుగా కదలని నలభై రెండు చెక్క కుర్చీలున్నాయి. వాటిలో కూర్చుని చూసినవాళ్లంతా వెంటనే లేచారు. లేచినవాళ్లెవరూ తిరిగి రాలేదు.

వెబ్‌సైట్ నడిపేది కోడలు. ఆమెకు ఆరోజు పంటి డాక్టరు దగ్గర పని పడింది. వెళ్తూ ఒక అట్టముక్క మీద రాసి బల్ల మీద పెట్టింది: ముందు బ్యాకప్ తీయాలి. మార్చిందాన్ని డ్రాఫ్టుగా దాచాలి. ప్రివ్యూ చూశాకే పబ్లిష్ నొక్కాలి. థీమ్ జోలికి పోకూడదు.

"మావయ్యగారూ, ఫొటో జరపడం రెండు నిమిషాల పని. ఇంకేమీ ముట్టుకోకండి. పన్నెండింటిదాకా నా ఫోను ఆఫ్‌లో ఉంటుంది."

"ముప్పై ఏళ్లుగా దుకాణం నడుపుతున్నానమ్మా. ఇదీ దుకాణమేగా!"

"అదే నా భయం" అని ఆమె వెళ్లిపోయింది.

షావుకారు కంప్యూటరు ముందు కూర్చుని లెక్క వేసుకున్నాడు. పేజీలంటే అద్దాల బీరువాలు. థీమ్ అంటే గోడలకు వేసిన రంగు. పబ్లిష్ అంటే షట్టరు ఎత్తడం. ఈ మూడూ సరిగ్గానే ఊహించాడు. వరసగా మూడుసార్లు సరిగ్గా ఊహించినవాడు నాలుగోసారి ఎవరినీ అడగడు. బ్యాకప్ సంగతి కూడా అక్కర్లేదనుకున్నాడు. ఫొటో జరపడానికి అంత ఏర్పాటెందుకు?

నాలుగోది మీడియా లైబ్రరీ. తెరిస్తే దుకాణంలోని కుర్చీల ఫొటోలన్నీ అక్కడున్నాయి. అది గోడౌనని చూడగానే తెలిసింది. బీరువాలోకి చేరిన సరుకు మళ్లీ గోడౌనులో కనిపించడం అతని వ్యాపారంలో ఎన్నడూ లేదు. ఒకే కుర్చీ రెండు చోట్ల ఉండదు. అందుకని అన్నింటినీ ఎంచుకుని, శాశ్వతంగా తొలగించమన్నాడు. నిజంగానే తొలగించాలా అని కంప్యూటరు రెండుసార్లు అడిగింది. ఒకే మాట రెండుసార్లు అడిగితే ఎదుటివాడు బేరమాడుతున్నాడని అర్థం. షావుకారు తన మాట మీదే నిలబడ్డాడు.

తర్వాత బీరువాలు చూసుకున్నాడు. ప్రతి పేజీలోనూ ఖాళీ డబ్బాలు మిగిలాయి.

పైన ఇంట్లోంచి దిగివచ్చిన భార్య అతని మొహం చూసి ఆగింది. "ఏమైందండీ?"

"గోడౌను ఊడ్చాను. బీరువాల్లో సరుకు పోయింది."

"అమ్మాయి వద్దన్న పనే చేశారన్నమాట."

"వద్దన్నవాటిలో ఇది రాయలేదు."

అప్పటికి పదిన్నర. కొత్త ఫొటోలు తీయడం తప్ప దారి లేదు. ఖాళీ కుర్చీ ఫోనులో దిక్కులేనిదానిలా కనిపించింది. అందుకని బావమరిదిని పిలిచి మెత్తటి కుర్చీలో కూర్చోబెట్టాడు.

"బావా, భలే మెత్తగా ఉందే" అన్నాడు బావమరిది. రెండో ఫొటో తీసేసరికి నోరు తెరుచుకుని నిద్రపోయాడు. ఆ రెండో ఫొటోయే స్పష్టంగా వచ్చింది.

చెక్క కుర్చీలో కూర్చునే వంతు భార్యకు వచ్చింది.

"ఇది కుర్చీనా, శిక్షా? త్వరగా తియ్యండి!"

"కాస్త నవ్వవే."

"మీరొచ్చి కూర్చుని నవ్వండి, నేను తీస్తా."

పదకొండుకు రెండు నిమిషాలుందనగా షావుకారు ఫొటోలు ఎక్కించి, డ్రాఫ్టూ ప్రివ్యూ మరిచి, నేరుగా షట్టరు ఎత్తేశాడు. చివర ఎక్కించిన ఫొటో అన్నిటికంటే పైకొచ్చింది. అది భార్యది.

"తీసెయ్యండి! ఊరంతా చూస్తారు!"

తీసే మీట కోసం వెతుకుతూ అతను థీమ్‌లోకి వెళ్లాడు. అక్కడ ఏదో నొక్కాడు. ఆవిడ మొహం తెర ఈ అంచు నుంచి ఆ అంచు దాకా పరుచుకుంది. పళ్లు బిగించి, ఒక చేత్తో నడుము పట్టుకుని ఉంది. భార్య కొంగు నడుముకు దోపింది. షావుకారుకు అది చూసే ఎక్కువ భయమేసింది.

ఫోను మోగింది.

"షావుకారు గారూ, మీ వెబ్‌సైట్ చూశానండి" అన్నారు లైబ్రేరియన్. "మెత్తటి కుర్చీలో ఆయన నిజంగానే నిద్రపోతున్నారా?"

అబద్ధం చెప్పినా నిలిచేలా లేదు. "అవునండీ. ఇంకా లేవలేదు."

"మా పేపర్ల గదిలో ఉన్న తలనొప్పే అదండీ. పొద్దున్నే వచ్చి కునుకు తీసేవాళ్లు సాయంత్రం దాకా లేవరు. పేపరు చదివేవాళ్లకు చోటుండదు. అది మాకొద్దు."

షావుకారు మనసులోనే పక్క గది తాళంచెవి ఇచ్చేశాడు.

"పైన పెద్ద ఫొటోలో ఉన్న ఆవిడ ఎంతసేపు కూర్చున్నారండీ?"

"రెండు నిమిషాలు కూడా కూర్చోలేదండి."

"మొహం చూస్తేనే తెలుస్తోంది. ఆ కుర్చీలే కావాలి. నలభై ఉంటాయా?"

మూడేళ్లుగా ఎవరూ అడగని ప్రశ్న అది. షావుకారు గొంతు సవరించుకున్నాడు. "మీకోసమే ఉంచామండీ."

కోడలు తిమ్మిరెక్కిన దవడతో మధ్యాహ్నం వచ్చింది. జరిగిందంతా విని, ఒక్క మాట మాత్రం అడిగింది. "బ్యాకప్ తీశారా?"

"లేదమ్మా."

"నేను తీసే వెళ్లాను లెండి. మీ సంగతి తెలుసుగా."

రెండు నిమిషాల్లో పాత ఫొటోలన్నీ ఎక్కడివక్కడికి వచ్చాయి. బావమరిది ఫొటో పోయింది. అత్తగారి ఫొటో మీద ఆమె చెయ్యి పెట్టబోతుంటే షావుకారు ఆపాడు. "అది ఉండనీ అమ్మా. ఇంకా రెండు కుర్చీలు మిగిలాయి."

ఆ రోజు నుంచి వెబ్‌సైట్ నడపడం తనకూ నేర్పమని భార్య పట్టుబడుతోంది. పాస్‌వర్డు ఇంకా స్టాకు రాలేదని షావుకారు చెబుతున్నాడు.