మెయిన్‌కి ఎర్ర తాళం

ఆ రోజు పొద్దున్న జాగ్రత్తయ్య వేసుకున్న పథకం చాలా చిన్నది. కాఫీ తాగడం, భార్య రాతబల్ల పక్కనున్న ప్లగ్ పాయింటు బాగు చేయడం, ఆవిడ మెచ్చుకుంటే "ఇదెంత పని" అనడం. ఇందులో కాఫీ తాగడం ఒక్కటే అనుకున్నట్టు జరిగింది.

జాగ్రత్తయ్య అన్నది కన్నవాళ్ళు పెట్టిన పేరు కాదు. ఆయన అట్టపెట్టెల ఫ్యాక్టరీలో సేఫ్టీ ఆఫీసరు. నిచ్చెనెక్కేవాడికి "జాగ్రత్తయ్యా", దిగేవాడికి "జాగ్రత్తయ్యా", చివరికి వేడి టీ ఊదుకునేవాడికి కూడా "జాగ్రత్తయ్యా" అని చెప్పీ చెప్పీ, ఆ మాటే ఆయనకి అతుక్కుపోయింది. ఫ్యాక్టరీలో ఆయన పని చెప్పడం వరకే. చేసేది వేరేవాళ్ళు. దాంతో చేతుల దురదంతా ఇంటిమీద తీర్చుకునేవాడు. కిందటిసారి కాలింగ్ బెల్లు బాగు చేసినప్పటినుంచి బాత్రూములో లైటు వేస్తే బెల్లు మోగుతోంది. ఆ ఇంట్లో ఎవరెప్పుడు స్నానానికి వెళ్ళారో వీధి వీధంతటికీ తెలుసు.

అయితే ఈసారి ఆయన ఉత్సాహానికి కారణం ఉంది. పదకొండింటికి భార్యకి ఇంటర్వ్యూ. విద్యుత్ సంస్థవారి ఫిర్యాదుల విభాగంలో ఉద్యోగం. కూతురు పుట్టినప్పుడు ఉద్యోగం మానేసిన మనిషి, ఆ కూతురు హాస్టలుకి వెళ్ళిపోయాక మళ్ళీ ప్రయత్నాలు మొదలుపెట్టింది. "ఇంట్లో అందరి ఫిర్యాదులూ ఊరికే వింటూనే ఉన్నానుగా, జీతమిచ్చేవాళ్ళవి కూడా విని చూస్తాను" అంది. రాతపరీక్ష గట్టెక్కింది. ఇదే చివరి మెట్టు. ఈ ఏడాది దాటితే వయసు కూడా దాటిపోతుంది. అందుకని వారం రోజులుగా ఆవిడ అన్నం కలుపుతూ కూడా జవాబులు గొణుక్కుంటోంది. ఇంటర్వ్యూ లాప్‌టాప్‌లో. ఆ లాప్‌టాప్ ఎంత ముసలిదంటే, కరెంటు తీగ పీకిన మరుక్షణం కళ్ళు మూస్తుంది. ఆ తీగ పెట్టే ప్లగ్గు చూస్తే నాలుగు రోజులుగా చిటపటమంటోంది.

"ఏమండీ, వద్దు" అంది ఆవిడ. "ఈ పూటకి వంటింట్లో కూర్చుని మాట్లాడేస్తాను. అక్కడ ప్లగ్గు బాగానే ఉంది. రేపు ఎలక్ట్రీషియన్ని పిలుద్దాం."

"వంటింట్లో ఇంటర్వ్యూ ఏమిటి? వెనకాల మూకుళ్ళు కనిపిస్తే ఏం మర్యాద? అరగంట పని. నామీద నమ్మకం లేదా?"

"నమ్మకం లేక కాదు, అనుభవం ఉండి."

ఆయన ఆ మాట వినిపించుకోలేదు. అప్పటికే గమ్‌బూట్లు, రబ్బరు తొడుగులు, హెల్మెట్టు వేసుకుని, చెక్క ముక్కాలిపీట చంకలో పెట్టుకుని, మెట్లకింద ఉన్న మెయిన్ పెట్టె దగ్గరికి బయల్దేరాడు. మెయిన్ ఆపాడు. ఊరికే ఆపితే ఎవరో వచ్చి వేసేయవచ్చు. కాబట్టి ఫ్యాక్టరీ నుంచి తెచ్చిన ఎర్ర తాళం ఆ పెట్టెకి వేశాడు. ఇది సేఫ్టీ పాఠాల్లో మొదటిది. తాళంచెవి పనిచేసేవాడి ఒంటిమీదే ఉండాలి. అది రెండోది. జేబులో వేసుకున్నాక మూడోది గుర్తొచ్చింది. కరెంటు పని చేసేటప్పుడు ఒంటిమీద లోహమన్నది ఉండకూడదు.

జాగ్రత్తయ్య గుమ్మంలో నిలబడి దీర్ఘంగా ఆలోచించాడు. వాచీ తీసి మేకుకి తగిలించాడు. బెల్టుకి ఇత్తడి బకిల్ ఉందని అదీ తీసేశాడు. ఆ బెల్టు అలంకారానికి పెట్టుకున్నది కాదని ప్యాంటు వెంటనే తెలియజేసింది. ఇక మిగిలింది తాళంచెవి. ఒంటిమీద ఉండాలి, ఉండకూడదు. చివరికి ధర్మసూక్ష్మం తట్టి, వంటింటి గట్టుమీదున్న ఒక తెల్ల ప్లాస్టిక్ డబ్బాలో దాన్ని వేసి, సంతృప్తిగా పనిలోకి దిగాడు.

ప్లగ్ పాయింటు మూత విప్పేదాకా అంతా బాగానే సాగింది. విప్పాక లోపలి తీగలన్నీ ఒకే రంగులో ఉన్నాయి. వాటిని బయటికి లాగి పరీక్షగా చూస్తుండగా చేతిలో మర జారి బీరువా కిందికి దొర్లింది. ఒక చేత్తో ప్యాంటు పట్టుకుని, రెండో చేత్తో బీరువా కింద వెతకడమంటే మాటలు కాదు. ఆ అవస్థలో ఆయనుండగా భార్య వచ్చింది. పట్టుచీర కట్టుకుని, చేతిలో లాప్‌టాప్‌తో.

"టైమవుతోంది. మెయిన్ వేసేయండి. వంటింట్లోనే కూర్చుంటాను."

"అలాగే" అని ఆయన వంటింట్లోకి వెళ్ళాడు. గట్టుమీద డబ్బా లేదు.

"అమ్మా! ఇక్కడ తెల్ల డబ్బా ఏది?"

"ఏ తెల్ల డబ్బారా?" అంది తల్లి, చీకట్లో తడుముకుంటూ. "మనింట్లో నల్ల డబ్బా ఎక్కడేడిచింది? కరెంటు తీసి కూర్చున్నావు, నాకసలే చూపానదు."

డబ్బాలన్నీ వెలుగు కోసం రాతబల్ల పక్క కిటికీ దగ్గరికి చేరాయి. పప్పులు చూశారు, రవ్వలు చూశారు. ఒక డబ్బా మూత గట్టిగా లాగేసరికి పంచదార నేలపాలైంది. తాళంచెవి మాత్రం లేదు.

"తాళానికి రెండో చెవి ఉంటుందిగా?" అంది భార్య. గొంతులో ఇంకా ఓపిక ఉంది.

"ఎందుకుండదూ? ఎవరి చేతికీ చిక్కకూడదని చాలా భద్రంగా పెట్టాను."

"ఎక్కడ?"

జాగ్రత్తయ్య హెల్మెట్టు సర్దుకున్నాడు. "మెయిన్ పెట్టెలోపల."

ఆవిడ లాప్‌టాప్ మూసి బల్లమీద పెట్టింది. తిట్టినా బాగుండుననిపించింది ఆయనకి. తాళం పగలగొడదామంటే అది ఫ్యాక్టరీ తాళం, ఎందుకు పగలదో ఆయనే ఉపన్యాసాలిచ్చాడు. పక్కింటికి వెళ్దామంటే, "వాళ్ళింటికి చుట్టాలొస్తున్నారట, ఇందాకే ఆవిడొచ్చి చెప్పింది" అంది తల్లి. భార్య ఫోను రాత్రంతా ఆ చిటపట ప్లగ్గుకే పెట్టడం వల్ల చచ్చి ఉంది. మిగిలింది ఆయన ఫోను. దానికి సిగ్నలు అందేది ఒక్కచోటే, పై వాటాకి వెళ్ళే మెట్ల మలుపులో. ఆవిడ పట్టుచీర కుచ్చిళ్ళు సర్దుకుని మెట్టుమీద కూర్చుంది. ఫోను పూలకుండీకి ఆనించింది. జాగ్రత్తయ్య ప్యాంటు పట్టుకుని కింది మెట్టు దగ్గర కాపలా నిలబడ్డాడు.

ఇంటర్వ్యూ మొదలైంది. తెరమీద ఒక పెద్దాఫీసరమ్మ, పక్కన కళ్ళజోడాయన. మొదటి జవాబులు చక్కగా చెప్పింది. జాగ్రత్తయ్యకి ఊపిరాడింది.

"మంచిది" అంది ఆఫీసరమ్మ. "కోపంగా ఉన్న వినియోగదారుడితో మీరెలా మాట్లాడతారు?"

సరిగ్గా అప్పుడు పై వాటా తలుపు దబ్బున తెరుచుకుంది. అక్కడ అద్దెకుండేది పళ్ళ డాక్టరు. ఆయన వాటాకి నీళ్ళెక్కాలంటే మోటారు తిరగాలి, ఆ మోటారుకి కరెంటు వెళ్ళేది ఈ మెయిన్ నుంచే. తలనిండా సబ్బు నురగ, నడుముకి తువ్వాలు, కళ్ళు గట్టిగా మూసుకుని, గాల్లో తడుముకుంటూ దిగుతున్నాడు.

"ఎవరండీ కరెంటు తీసింది? నేనేమైనా మనిషినా, పశువునా? కళ్ళు మండిపోతున్నాయి!"

పని చెడింది అనుకున్నాడు జాగ్రత్తయ్య. ఆవిడ మాత్రం కూర్చున్నచోటునుంచి కదలకుండా, గొంతు పెంచకుండా అంది: "డాక్టరుగారూ, ముందు కుడిచేతి పక్కనున్న కడ్డీ పట్టుకోండి. ఆ, అదే. మెల్లగా దిగండి. మీకెంత మంటగా ఉందో నాకు తెలుసు. కరెంటు ఎప్పుడొస్తుందో నాకింకా తెలియదు, తెలిసినట్టు చెప్పను. పెరట్లో తొట్టినిండా నీళ్ళున్నాయి, మావారు చేయి పట్టుకుని తీసుకెళ్తారు."

మావారికి ఖాళీ ఉన్నది ఒక్క చెయ్యే. ఆ చేత్తోనే తీసుకెళ్ళాడు.

డాక్టరు నాలుగు చెంబులు పోసుకున్నాడో లేదో, వీధి గేటు చప్పుడైంది. పక్కింటాయన దవడ పట్టుకుని, ఆయన వెనకాల పక్కింటావిడ కొంగు బిగించి, ఇద్దరూ తిన్నగా మెట్లమీదికే వచ్చారు.

"పిన్నిగారూ! చుట్టాలకి టీ పెడదామని పంచదార అడిగితే, గట్టుమీది తెల్ల డబ్బాలో పోసి, అందులో ఇనుము కలిపిచ్చారేమిటండీ?" అని ఆవిడ ఇంట్లోకి కేకేసి, భార్య పక్కన చతికిలబడింది. "చూడమ్మా, ఈయన పంచదార మానేశానని నా నెత్తిమీద ఒట్టేశారు. ఇంట్లో పంచదారే ఉంచడం మానేశాను. ఇవాళ అరువు తెచ్చి అలా పెట్టి ఇలా తిరిగానో లేదో, చెంచాతో బుక్కేశారు. పన్ను విరిగింది!"

"బుక్కలేదు, రుచి చూశాను" అన్నాడు పక్కింటాయన, దవడ వదలకుండా.

"పన్ను" అన్న మాట పెరట్లోకి వినిపించింది. సగం నురగతోనే డాక్టరు పరుగెత్తుకొచ్చి, "ఏదీ, నోరు తెరవండి. పెద్దగా. ఆఁ అనండి" అన్నాడు. పక్కింటాయన ఫోనుకి ఎదురుగా నోరు తెరిచి ఆఁ అన్నాడు. తెరమీద కళ్ళజోడాయన కాస్త వెనక్కి జరిగాడు.

"వదినగారూ" అంది భార్య, "మీ కోపం న్యాయమే. అది మీరూ మీరూ ఇంటికెళ్ళి తేల్చుకోవచ్చు. ముందు పన్ను సంగతి డాక్టరుగారు చూస్తున్నారు. పంచదారలో వచ్చిన ఆ వస్తువేదో ఒకసారి చూపిస్తారా?"

పక్కింటాయన గుప్పిట విప్పాడు. పంచదార అంటుకున్న చిన్న తాళంచెవి.

జాగ్రత్తయ్య దాన్ని లాక్కుని మెట్లకిందికి దూకినంత పని చేశాడు. తాళం తీశాడు. పెట్టె తెరిచాడు. స్విచ్చిమీద చెయ్యి వేశాడు.

"ఆగండి!"

అంత గట్టిగా ఆవిడ అరవగా ఆయన ఎన్నడూ వినలేదు. చెయ్యి అక్కడే ఆగిపోయింది.

"ప్లగ్గు మూత బిగించారా? అత్తయ్య ఎక్కడున్నారు?"

జవాబు లోపలినుంచి తల్లే చెప్పింది. "ఇక్కడేనే అమ్మాయ్! పంచదార ఒలికిందిగా, చీమలు పడతాయని తడిగుడ్డతో తుడుస్తున్నా. గోడలోంచి ఈ తీగలేమిట్రా వేలాడుతున్నాయి? పక్కకి తోసెయ్యనా?"

జాగ్రత్తయ్య స్విచ్చిమీది చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. ఎంతమందికి ఎన్నిసార్లు చెప్పాడు! తల్లి చేతికీ కరెంటుకీ మధ్య ఇందాక తన వేలు తప్ప ఇంకేమీ లేదు. పెట్టె మూసి మళ్ళీ తాళం వేసి, ప్యాంటు సంగతి దేవుడికి వదిలేసి లోపలికి పరుగెత్తాడు. తల్లిని లేవదీసి కుర్చీలో కూర్చోబెట్టాడు. తీగలకి విడివిడిగా టేపు చుట్టి, మిగిలిన ఒక్క మరతో మూత బిగించి, నేల పొడిగుడ్డతో తుడిచి తిరిగొచ్చాడు.

"మూత?" అంది భార్య మెట్లమీదినుంచి.

"బిగించాను."

"తడి?"

"లేదు."

"అత్తయ్య?"

"కుర్చీలో."

"మోటారు స్విచ్చి ఆపారా, డాక్టరుగారూ? ఆపారుగా. ఇప్పుడు వేయండి."

కరెంటు వచ్చింది. బాత్రూములో ఎవరో లైటు ఆపడం మరిచినట్టున్నారు, దానితోపాటు కాలింగ్ బెల్లు కూడా వచ్చింది. ఆ మోతలో ఆఫీసరమ్మ ఏమందో సరిగా వినిపించలేదు. "తెలియజేస్తాం" అన్నట్టుంది. తెర నల్లబడింది.

అందరూ ఎవరిళ్ళకి వాళ్ళు పోయాక కూడా ఆవిడ ఆ మెట్టుమీదే కూర్చుంది. ఆయన వచ్చి కింది మెట్టుమీద కూర్చున్నాడు.

"నావల్లే పోయింది" అన్నాడు. "నీకు సాయం చేద్దామనే అనుకున్నాను. నిజంగా."

"తెలుసు. అందుకే తిట్టలేకపోతున్నాను." కళ్ళు తుడుచుకుంది. ఏడుపు ఉద్యోగం గురించో, తడిగుడ్డ గురించో ఆవిడకే తెలియదు.

"కాఫీ పెట్టనా?"

"స్టవ్వు జాగ్రత్త" అంది ఆవిడ.

సాయంత్రం ఆయన ఫోను మోగింది. ఆఫీసరమ్మ గొంతు. భార్య స్పీకరు నొక్కింది. తల్లి, పన్నుకి దూది పెట్టుకున్న పక్కింటాయన, తల దువ్వుకుని వచ్చిన డాక్టరు, అందరూ చుట్టూ మూగారు.

"మీరు ఎంపికయ్యారమ్మా. అభినందనలు. తక్కినవాళ్ళంతా నోటితో జవాబులు చెప్పారు. మీరొక్కరే మనుషుల్ని కూడగట్టి నాటకం వేసి మరీ చూపించారు. మెయిన్ వేసేముందు మీరడిగిన ప్రశ్నలు రేపటినుంచి మా శిక్షణలో చెబుతాం."

"నాటకం కాదండీ" అంది ఆవిడ నిజాయితీగా. "అది మా ఇల్లు."

ఆఫీసరమ్మ పకపకా నవ్వింది. "ఇంకా పాత్రలోంచి బయటికి రాలేదు మీరు! ఆ సబ్బు నురగ ఆయనెవరో గానీ అద్భుతం. పంచదారాయన కూడా ఎంతో సహజంగా చేశారు. కాకపోతే ఒక్క మాట, ఏమీ అనుకోకండి."

"చెప్పండి."

"ఆ ప్యాంటు పట్టుకుని తిరిగినాయన ఉన్నారే, ఆయన మాత్రం అతి చేశారు. మీ దరఖాస్తులో భర్త సేఫ్టీ ఆఫీసరని ఉంది. నిజం సేఫ్టీ ఆఫీసరు ఎక్కడైనా అలా చేస్తాడా?"

ఎవరూ జాగ్రత్తయ్య వైపు చూడలేదు. చూడకుండా ఉండడానికి అందరూ చాలా కష్టపడ్డారు.

మర్నాడు ఎలక్ట్రీషియన్ వచ్చి ప్లగ్గూ బెల్లూ రెండూ మార్చి వెళ్ళాడు. అంతసేపూ జాగ్రత్తయ్య గదికి ఆ చివర కుర్చీలో చేతులు కట్టుకుని కూర్చున్నాడు, బెల్టు పెట్టుకుని.