వెండి ఆకులు, పిండి చొక్కా

కాలనీకొక సుందరీకరణ కమిటీ ఉండి తీరాలి. అది లేని చోట మనుషులు బతకొచ్చునేమో గానీ, బతుకుతున్నట్టు నలుగురికీ కనబడరు! మా కమిటీనే చూడండి. ఆరేసిన బట్టలు వీధివైపు కనిపిస్తే విజిల్ వేస్తారు. నిజమే మరి, ఉతికిన బనియన్లు చూశాక ఫ్లాట్ల రేట్లు నిలబడతాయా? గేటు పక్కన తాతగారు కూర్చునే ప్లాస్టిక్ కుర్చీ కూడా తీయించారు. ఆయన నిలబడటం మొదలెట్టాక వీధి ఎంత విశాలంగా ఉందో వచ్చి చూడాల్సిందే.

అయితే కమిటీ గొప్పతనం పూర్తిగా అనుభవంలోకి వచ్చింది మాత్రం మిల్లు బాబాయికే.

బాబాయిది కాలనీ మొదట్లో పిండిమర. గదిలో సగం యంత్రం, మిగతా సగం బాబాయి. కనుబొమల నుంచి చెప్పుల దాకా పిండే. సాయంత్రం ఇంటికెళితే పిన్ని గుమ్మంలోనే ఆపి, తువ్వాలుతో దులిపితే గానీ లోపలికి అడుగు పెట్టనివ్వదు. ఇన్నేళ్లూ ఆ పిండితోనే ఇల్లు గడిచింది కాబట్టి ఆ దులపడంలో విసుగు తక్కువ, ముద్దు ఎక్కువ.

కమిటీ సెక్రటరీ మేడమ్‌కు మాత్రం ఆ పిండి కంట్లో పడింది. కార్ల మీద పడుతోందట, కాలనీ పరువు మీద పడుతోందట! గది కాలనీదే గనుక నెలాఖరుకు ఖాళీ చెయ్యమన్నారు. చెప్పొద్దూ, బాబాయికి కాళ్ల కింద నేల కదిలిపోయింది. ఆ యంత్రం తప్ప ఆయనకు చేతనైన పని మరొకటి లేదు.

అదే వారం మేడమ్ నర్సరీ నుంచి వ్యాన్ నిండా కుండీలు తెప్పించారు. మొక్కల ఆకులన్నీ వెండిరంగు, ఎవరో పైనుంచి పిండి చల్లినట్టు సన్నటి నూగు. పేరు డస్టీ మిల్లర్. అంటే ఒళ్లంతా పిండి పట్టిన మరాయన అని నర్సరీవాడు విడమరిచి చెప్పాడు. "అబ్బ, పేరు ఎంత క్యూట్‌గా ఉందండీ!" అని మేడమ్ మురిసిపోయారు. చూశారా అభిరుచి! మనిషి మీదుంటే మురికి, ఆకు మీదుంటే డెకరేషన్. ఈ సూక్ష్మం తెలియకే కదా మనలాంటివాళ్లం కమిటీల్లోకి ఎక్కలేకపోయాం.

కానీ శుభ్రత ఒంటబట్టినవాళ్లకు ఆకు మీద బూడిదలాంటిది కనిపిస్తే చెయ్యి ఊరుకుంటుందా? సభ్యులు వంతులేసుకుని స్పాంజీలతో తుడిచారు. పొద్దునా సాయంత్రం పైపు పెట్టి కడిగారు. ఆ తెల్లదనం ఆకు సొంతమని ఎవరికీ తోచలేదు, చెప్పాల్సిన నర్సరీవాడేమో వ్యాన్‌తో పాటే వెళ్లిపోయాడు. తీరా 'అందమైన కాలనీ' పోటీ జడ్జీలు వచ్చే రోజుకు నూగంతా అణిగిపోయి, కుండీల్లో ఉడికించిన ఆకుకూర మిగిలింది.

అప్పుడు గుర్తొచ్చాడు బాబాయి. మేడమ్ చెప్పులు చేతబట్టుకోలేదన్నమాటే గానీ, పరుగెత్తుకుంటూ మిల్లుకు వచ్చారు. బాబాయి యంత్రం బెల్టు విప్పుతున్నాడు.

"బాబాయిగారూ, ఆ మొక్కల మీద కాస్త పిండి చల్లి పెట్టండి. ప్రైజొచ్చిందంటే మీ గది సంగతి నేను చూస్తాను."

బాబాయికి ప్రాణం లేచొచ్చింది. కానీ ఖాళీ చేసే గది కదా, పిండంతా ఊడ్చేశాడు. ఇక మిగిలింది ఒంటి మీదదే. గబగబా వెళ్లి కుండీల మధ్య నిలబడి తువ్వాలు దులిపాడు, చొక్కా దులిపాడు, తల విదిలించాడు. ఆకులు తళతళలాడాయి. బాబాయి జుట్టు ఇంకా నల్లగానే ఉందని కాలనీకి ఆ రోజే తెలిసింది.

మొదటి బహుమతి మాదే! ఫోటో తీసేటప్పుడు బాబాయి కూడా మొహమాటంగా ఒక కుండీ పక్కన నిలబడ్డాడు. కాస్త జరగమన్నారు మేడమ్, ఆయన మీది దుమ్ము మొక్కల మీద పడుతుందని.

ఆవిడ మాట తప్పే మనిషి కాదు. గది సంగతి నిజంగానే చూశారు. బహుమతి పొందిన మొక్కలు ఎండకూ వానకూ బయటుంటే ఏం బాగుంటుంది? యంత్రం తీయించి, గోడలకు రంగు కొట్టించి, కుండీలన్నీ అందులో పెట్టించారు. తలుపు మీద ఇంగ్లీషులో బోర్డు: 'డస్టీ మిల్లర్. తాకరాదు.'

బాబాయి ఇప్పుడు ఏసీ షాపులో ప్యాకెట్ పిండి అరల్లో సర్దుతున్నాడు. సీలు వేసిన ప్యాకెట్లు కదా, ఒంటికి నలుసు అంటదు. పిన్ని ఇంకా అలవాటు కొద్దీ తువ్వాలు పట్టుకుని గుమ్మం దాకా వస్తుందట. దులపడానికేమీ లేక వెనక్కి వెళుతుందట.

మొన్న బాబాయి పాత మిల్లు ముందు ఆగి, ఆ బోర్డు మీద ఏం రాశారని వాచ్‌మన్‌ను అడిగాడు. వాచ్‌మన్ నర్సరీవాడి దగ్గర విన్నదే చెప్పాడు.

బాబాయి తలుపు దాకా వెళ్లి లోపలికి తొంగిచూశాడు.

"అయితే నా పేరు ఉంచారన్నమాట. మరి నన్నెందుకు తీసేశార్రా?"

అంతలో కమిటీవాళ్ల విజిల్ మోగింది. బాబాయి బోర్డుకు మరీ దగ్గరగా నిలబడ్డాడట.