విల్ చేరల్ల

“విల్ చేరల్ల తల్లీ” అన్నాడు మునిశామప్ప.

“వీల్‌చేర్ తల్లీ” అని వినపడింది చైత్రకు.

ఇందులో స్వర్ణజీవ ఆసుపత్రి హెల్ప్‌డెస్క్ చైత్ర తప్పు ఇసుమంతైనా లేదు. మునిశామప్ప ముప్ఫై ఏళ్ళు కేజీఎఫ్ బంగారు గనుల్లో పనిచేసినవాడు. ఊపిరితిత్తుల నిండా రాతిదుమ్ము. ‘చేరాలి’ని అక్కడివాళ్ళు ‘చేరల్ల’ అంటారు. మాట మధ్యలో ఊపిరి అందక ‘వి’ కాస్తా ‘వీ’ అయింది, చివరి ‘ల్ల’ గాలిలో కలిసింది. హ్రస్వాన్ని దీర్ఘం చేసి, సాగదీసి, చేతిలో పెట్టడం ఆసుపత్రుల పని. ఇక్కడ పేషెంటే ఆ పని ఇంటి దగ్గరే చేసుకొచ్చాడు. పైగా షాఫ్టులోకి మనుషుల బోనును దించి ఎక్కించే పెద్ద చక్రానికి ఆయన డ్రైవరు. సొంతూరు మారికుప్పంలో ఆయన్ని ‘వీల్ మునిశామప్ప’ అనే పిలుస్తారు. అలాంటాయన వచ్చి ‘వీల్’ అంటే ఎవరికైనా ఏం తోస్తుంది?

“ఎవురికి తాతా?”

“నాకే. సూపరింటెండెంట్‌కే చేరల్ల.”

“చేరే కదా, ఇప్పిస్తా. ఈ కవరేంది?”

“అంతా దాంట్లోనే రాసినాను తల్లీ. సాక్షి సంతకాలు కూడా ఉండాయి.”

వీల్‌చేరు కోసం సాక్షుల్ని కూడగట్టిన పేషెంటును చైత్ర అంతవరకూ చూడలేదు. ముచ్చటపడి, వీల్‌చేరుకు తనే దరఖాస్తు రాసి, కవరు విప్పకుండానే దానికి గుచ్చింది.

అసలు సంగతేమిటంటే, ముందురోజే సూపరింటెండెంట్ డాక్టర్ మోహన్‌కుమార్ గారు పత్రికలవారికి చౌచౌబాత్ టిఫిను పెట్టి ఒక చారిత్రక ప్రకటన చేసి ఉన్నారు: “అడ్వాన్స్ డైరెక్టివ్ పట్ల, అనగా లివింగ్ విల్ పట్ల, మా సిబ్బంది ఆటిట్యూడ్ నూటికి నూరు పాజిటివ్!” ఇక కోలుకునే దారి లేదని తేలాక గొంతులో గొట్టం వేయొద్దు, మెషిన్ మీద పెట్టొద్దు అని మనిషి మతి బాగున్నప్పుడే రాసిపెట్టుకునే కాగితం అది. పేరులోనే ‘డై’ ఉంది కాబట్టి డాక్టర్లు దాన్ని కాస్త దూరం నుంచే గౌరవిస్తారు.

ఆ నూటికి నూరును తేల్చిన సర్వేను సారు ఎంత దక్షతతో జరిపించారో చైత్ర కళ్ళారా చూసింది. ప్రశ్నల్నీ జవాబుల్నీ ఒకే పిన్నుతో కుట్టి పంచారు. “ఆటిట్యూడా? నాకా? డాక్టర్ ఆనంద్‌కి పంపండి సార్, ఆయనకే ఎక్కువ ఉండాది” అని హెడ్ నర్సు నేత్రావతి అలిగితే, ఇది ఆ ఆటిట్యూడ్ కాదమ్మా అని నచ్చజెప్పి మరీ టిక్కు పెట్టించారు. ఆసుపత్రిలో రిజల్టు ‘పాజిటివ్’ అని వస్తే అందరూ చప్పట్లు కొట్టడం అదే మొదటిసారి.

చైత్ర దరఖాస్తు పట్టుకుని లోపలికి వెళ్ళింది. “సార్, పేపర్లో మీ ప్రకటన చూసినాడేమో, ఒక తాత వచ్చినాడు.”

మోహన్‌కుమార్ గారి ముఖం పాలిపోయింది. “విల్లు తెచ్చినాడా?”

“లేదు సార్, వీల్‌చేర్ అడగతా ఉండాడు.”

“అమ్మయ్య!” ముఖంలోకి రక్తం తిరిగొచ్చింది. “సభ పెట్టి ఇద్దామమ్మా. ఆ కవరు నా బీరువాలో పడెయ్.”

శుక్రవారం సభ. ఆసుపత్రి అభివృద్ధి సమితి అధ్యక్షుడు దొడ్డమునియప్పగారు శాలువాతో సహా వచ్చారు. ‘నడవలేని మునిశామప్పకు నడిచొచ్చిన అదృష్టం’ అని ఫ్లెక్సీ.

“నేను రెండు మైళ్ళు నడిచొచ్చినాను కదప్పా” అన్నాడు మునిశామప్ప.

“ఆ మాట ఎవురికీ చెప్పొద్దు పెద్దాయనా. కూచో. ఇంగ కొంచెం వాలిపో. ఆఁ, బాగుండాది!” అని దొడ్డమునియప్పగారు ఫొటోకి నవ్వారు. “రెండు మంచి మాటలు చెప్పు.”

మునిశామప్ప మైకు పట్టుకున్నాడు.

“అప్పా, నేనడిగింది వీల్ కాదు. విల్లు. మా జతగాడు చిక్కవెంకటప్పకి ఇరవై దినాలు గొంతులో గొట్టం పెట్టినారు. నోట మాట లేదు, కండ్లతోనే బతిమాలినాడు. వెంటనే పోవల్సినోణ్ణి లేటుగా పంపిస్తాదని దానికి వెంటిలేటర్ అని పేరు పెట్టినారేమో!”

జనం నవ్వారు. ఆయన నవ్వలేదు.

“నేను చక్రం నడిపేటప్పుడు కిందుండేవోడు నాకు కనపడడు. వాడు ఒక్క గంట కొడితే ఆపల్ల. ఎందుకు కొట్టినావురా అని ఏ దినమూ అడగలేదు. కిందుండేది వాడు, వానికే తెలుసు. ఇప్పుడు కిందుండేది నేను. ఆ పొద్దుకి చెయ్యి లేస్తాదో లేదో అని ఇప్పుడే కొడతా ఉండాను. అంతే.”

దొడ్డమునియప్పగారు శాలువాతో కళ్ళు తుడుచుకున్నారు. “డాక్టరూ, తీసుకో ఆ విల్లు.”

“మా ఆటిట్యూడ్ పాజిటివ్ సార్” అన్నారు మోహన్‌కుమార్ గారు. “కాకపోతే వీల్‌కి వీలైంది, విల్లుకి వీల్లేదు.”

“ఏమి?”

“పోలీసులొస్తే?”

ఊపిరితిత్తుల డాక్టర్ ఆనంద్ లేచాడు. “నేను పూర్తిగా సమర్థిస్తా ఉండాను. తీసుకునేది మాత్రం నా తర్వాత డ్యూటీకి వచ్చేవాళ్ళు.”

“మేమూ సమర్థిస్తాం” అంది నేత్రావతి. “చుట్టాలొచ్చి ‘చంపేసినారు’ అని మీద పడితే దెబ్బలు తినేది మేం కదా సార్!”

సిబ్బంది యావన్మందీ ఒకరి తర్వాత ఒకరు లేచి సమర్థించి కూర్చున్నారు. ఇంత మద్దతు పొందిన కాగితాన్ని ముట్టుకున్న చెయ్యి ఒక్కటీ లేదు.

“ముందు అందులో ఏముండాదో చదవండయ్యా!” అని గర్జించారు దొడ్డమునియప్పగారు. “పాపా, పో, తీసుకురా!”

తప్పంతా తనదేనని బిక్కచచ్చిన చైత్ర పరుగెత్తింది. బీరువాలో చేతికందిన ఖాకీ కవరు తెచ్చి, చించి, మైకులో చదివింది:

“మతి స్థిమితంతో రాసిన విల్లు. కోలుకునే ఆశ లేనప్పుడు నా గొంతులో గొట్టం వేయరాదు. మెషిన్ మీద పెట్టరాదు. ముఖ్యంగా, ఎట్టి పరిస్థితిలోనూ నన్ను స్వర్ణజీవ ఆసుపత్రిలో చేర్చరాదు.”

“మైకు ఆపండి!” అని మోహన్‌కుమార్ గారు లేచారు. మైకు ఆపేవాడు టీకి వెళ్ళాడు.

“ఏం పెద్దాయనా, మా ఆసుపత్రి మీద అంత కోపమా?” అన్నారు దొడ్డమునియప్పగారు.

“ఆ కడపటి మాట నేను రాయలేదప్పా” అని తెల్లబోయాడు మునిశామప్ప.

చైత్ర కాగితం కింద చూసింది. మంచి పిల్ల, దాచడం చేతకాదు.

“అందరూ క్షమించల్ల. తాత ‘విల్ చేరల్ల’ అంటే నేను ‘వీల్‌చేర్’ అని విన్నాను. అది ఒక తప్పు. బీరువాలో రెండు కవర్లు ఉండాయి. తాతది అనుకొని సూపరింటెండెంట్ సార్‌ది చదివేసినాను. ఇది రెండోది.” మళ్ళీ కాగితం వంక చూసింది. “సాక్షులు, డాక్టర్ ఆనంద్, సిస్టర్ నేత్రావతి.”

డాక్టర్ ఆనంద్, నేత్రావతి మెల్లగా ఫ్లెక్సీ వెనక్కి జరిగారు.

“అట్లయితే నాదీ దాని పక్కనే ఉండనీ తల్లీ” అన్నాడు మునిశామప్ప, వీల్‌చేరు లోంచి లేచి నిలబడి. “ఒకటి పెట్టుకున్నోళ్ళు రెండోది వద్దంటారా?”